బిగుసుకున్న మూత

మూత కదలలేదు. షెడ్డులో బల్లకు బిగించిన వైసు దవడలకు పాత బెల్టు తోలు ముక్కలు అడ్డం పెట్టి, వాటి మధ్య సైలెన్సర్ గొట్టాన్ని నలగకుండా బిగించి, కొసనున్న మూతకు రబ్బరు పట్టీ చుట్టి, రేవిన్ రెండు చేతులా ఎడమ వైపుకు లాగింది. మణికట్లు సలిపేదాకా లాగింది. పట్టీ జారింది తప్ప మూత ఉలకలేదు, పలకలేదు. జానెడు నల్ల గొట్టం, బొటనవేలి కన్నా కాస్త లావు, చిన్న గుండ్ల టూటూ రైఫిల్ మూతికి తగిలించేది, ఒక కుందేలు పడితే పక్క కుందేలు బెదిరిపోకుండా చప్పుడును మింగేది. నిన్న సాయంత్రం నుంచీ నూనెలో నానుతోంది. నానితే వదులుతుందిలే అనుకుంది. ఈ చిన్న గుండ్లకు రాగి తొడుగు ఉండదు, పచ్చి సీసం, పేలిన ప్రతిసారీ ఇంత సీసం పొడి, ఇంత మసి గొట్టంలో వదిలిపోతాయి, రెండూ కలిసి మూత మరల్లోకి చేరి సిమెంటులా గడ్డకడతాయి, అందుకే మాటిమాటికీ విప్పి కడగాలి. ఆమెకు తెలియని సంగతి కాదు. ఇన్నేళ్ళూ కడిగింది ఆమే. కానీ ఈ రెండేళ్ళుగా దాని జోలికి పోలేదు. కొండల మీద గొర్రెల మేత తినేసే కుందేళ్ళకు విషపు మందు పెట్టే కంపెనీ వాళ్ళు వచ్చాక మొగుడూ పెళ్ళాలకు వేట పని లేకుండా పోయింది, తుపాకీ ఇనప బీరువాలోకి పోయింది, ఎవరి కోసం కడగాలి అనుకుంది, అనుకుని తాళం వేసి స్కోన్లనే చిన్న రొట్టెలకు పిండి కలపడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాని ఫలితం చేతుల్లోకి వచ్చింది. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత. లేదు, చేసుకున్నది ఒకళ్ళు, అనుభవించేది ఇంకొకళ్ళు, ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే.

మధ్యాహ్నంలోపల కావాలట. ఊరి మైదానంలో ఏటా జరిగే ఈస్టర్ కుందేళ్ళ వేట మొదలవుతుంది, డునీడిన్, ఇన్వర్‌కార్గిల్ పట్టణాల నుంచి జట్లు దిగుతాయి, గడ్డాలు పెంచిన మగవాళ్ళు కుందేలు చెవుల టోపీలు పెట్టుకుని ఫోటోలు దిగుతారు, కొండల మీదికి వెళ్ళేముందు జిల్లాలో పేరున్న వేటగాడు ఒకడు దూరంగా వేలాడదీసిన రేకు పళ్ళేన్ని కొట్టాలి, అది టంగుమంటే వేట మొదలైనట్టు. ఈ ఏడు ఆ గౌరవం ఆమె మొగుడు నెవిల్‌కు దక్కింది. వంటింట్లో రేడియో వినిపిస్తోంది, అతను పొద్దుటి నుంచీ బూట్లకు పాలిషు పెడుతూనే ఉన్నాడు, పెళ్ళికొడుకు ముస్తాబు. వేట కమిటీ పెద్ద డెస్ పోయిన నెలలో ఇంటికొచ్చి కబురు చెప్పాడు. ఆమె చేసిన చీజ్ స్కోన్లు వెన్న రాసుకుని ఒకటి తరవాత ఒకటి తింటూ, నలభై ఏళ్ళు ఈ కొండల్లో కుందేలు తల ఎత్తకుండా చేసినవాడు నెవిల్ కాక ఇంకెవడున్నాడు అన్నాడు. నెవిల్ బల్ల మీది గుడ్డను వేళ్ళతో సవరిస్తూ, ఏదో మీ అభిమానం అన్నాడు. టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డ ఆమెకేసి ఒక్కసారి, ఒక్కసారైనా, అతను తల తిప్పి ఉంటే సరిపోయేది. తిప్పలేదు. పోతూ పోతూ డెస్ గుమ్మంలో ఆగి, రేవిన్, ఆ రోజు నువ్వు ఈ స్కోన్లు ఓ రెండు పళ్ళేలు పట్టుకొస్తే బాగుంటుంది అన్నాడు. సరే అంది. ఆ రెండు పళ్ళేలూ తెల్లవారుతుండగానే తయారైపోయాయి, వంటింటి బల్ల మీద తడిగుడ్డ కప్పుకుని కూర్చున్నాయి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఎందుకంటే ఆ నలభై ఏళ్ళూ తుపాకీ పట్టింది ఆమె. నెవిల్ బండి నడిపాడు. అంతే సంగతి. అందులో దాపరికం మొదట ఏమీ లేదు. పెళ్ళైన కొత్తలో కుందేళ్ళను నిర్మూలించే బోర్డులో వేటగాడి ఉద్యోగం ఉందంటే ఇద్దరూ కలిసే వెళ్ళారు, ఆమె తండ్రి గొర్రెల కాపరి, నడక నేర్పినంత శ్రద్ధగా తుపాకీ నేర్పాడు, ఊపిరి వదిలాక మళ్ళీ పీల్చుకునే లోపల ఒక చిన్న ఖాళీ ఉంటుందమ్మా, గుండు అందులోంచి పోవాలి అనేవాడు, కొండ వాలులో అడవి థైమ్ మొక్కల మధ్య బోర్లా పడుకోబెట్టి చెప్పేవాడు, మోచేతులకు ఆ ఆకు నలిగి స్నానం చేసినా పోని వాసన. బోర్డులో ఒక పెద్దమనిషి బల్లకు అవతల కూర్చుని నెవిల్‌నే అడిగాడు, తుపాకీ పట్టగలవా అని. నెవిల్ అమాయకంగా, నాకంటే మా ఆవిడ బాగా కొడుతుందండీ అన్నాడు. నిజంగానే అన్నాడు, ఆ మాట అన్న నెవిల్‌ను ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు, ఆ నెవిల్‌నే కదా చేసుకుంది. పెద్దమనిషి నవ్వాడు. ఆవిడ టీ కూడా బాగా పెడుతుందనుకుంటా అన్నాడు. ఉద్యోగం నెవిల్ పేరున రాశాడు. బయటికొచ్చాక నెవిల్ ఆమె భుజం మీద చెయ్యేసి, పేరు ఎవరిదైతేనేం పిల్లా, కలిసి చేద్దాం అన్నాడు. ఆమె కూడా, అవును, పేరు ఎవరిదైతేనేం అనుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల అలాగే అనుకుంటుంది. పేరు ఎవరిదైతే వాళ్ళదే అన్నీ అవుతాయని ఆ వయసులో ఎవరు చెబుతారు, చెప్పినా ఎవరు వింటారు.

కెటిల్‌లో మరిగిన నీళ్ళు డబ్బాలోకి వంచి గొట్టం కొసను అందులో ముంచింది. వేడికి మూత కాస్త ఉబ్బుతుంది, మరల్లోని పెచ్చు కాస్త పగులుతుంది, ఆవగింజంత సందు దొరికినా చాలు నూనె అక్కడికి పాకుతుంది. ఆవిరి ముఖాన కొట్టింది. షెడ్డు తలుపులోంచి ఎండ వాలుగా పడుతోంది, పోప్లార్ చెట్ల ఆకులు పండుబారి గాలికి గలగలమంటున్నాయి, ఆ చప్పుడు కుడి చెవిలో పడుతోంది, ఎడమ చెవిలో మాత్రం ఎప్పుడూ ఉండే ఆ సన్నటి కూత, స్టవ్ మీద మరిచిపోయిన కెటిల్ కూత లాంటిది, నిద్రలో కూడా ఆగదు. మొదటి సంవత్సరాల్లో సైలెన్సర్ లేదు. బండి వెనక నిలబడి పొద్దుగూకే వేళ నుంచి కొట్టేది, పెద్ద తుపాకీతో కొన్ని, చిన్నదానితో కొన్ని, చెవుల్లో దూది పెట్టుకుంటే కుందేలు గడ్డి కొరికే చప్పుడు వినిపించదని దూది కూడా పెట్టుకునేది కాదు. చెవి పోతోందని నెవిల్‌తో చెప్పింది. డాక్టరుకు చూపించుకో అన్నాడు. ఆ తరవాత చాలా ఏళ్ళకు ఒక రోజు ఈ నల్ల గొట్టం తెచ్చి చేతిలో పెడితే, నా చెవి సంగతి గుర్తు పెట్టుకున్నాడే అనుకుంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, సిగ్గులేని కళ్ళు. ఇదుంటే ఒక్క మేత బీడులో రెట్టింపు పడతాయట పిల్లా, ఒకటి పడిపోయినా పక్కది తల ఎత్తదట అన్నాడు. కుందేళ్ళ చెవుల కోసం కొన్నాడు. ఆ రోజు నుంచీ ఈ గొట్టాన్ని విప్పి కడిగిన ప్రతిసారీ ఆ మాట వినిపిస్తూనే ఉంది, ఎడమ చెవిలో కూతతో పాటు.

డబ్బాలోంచి తీసి గుడ్డతో తుడిచి చెక్క సుత్తితో మూత అంచు మీద చుట్టూ మెల్లగా కొట్టింది, టక్ టక్ టక్, ఒకే చోట కాదు, తిప్పుతూ తిప్పుతూ, లోపలి పెచ్చు రాలేలా. మోటుగా కొడితే మర చెడుతుంది. ఓపిక కావాలి. ఓపిక నీదే రేవిన్ అంటారు అందరూ, ఓపిక అనేది ఏదో ఆడవాళ్ళకు ఒంట్లో పుట్టుకతో వచ్చే కొవ్వు అయినట్టు. పబ్బులో నెవిల్ కథలు చెబుతుంటే పక్కన కూర్చుని వినడానికి కూడా ఓపిక కావాలి. ఒకే గుండుకు రెండు కుందేళ్ళు పడిన కథ, అది అతని పెద్ద కథ, రాతిబండ పక్క ఒకదాని వెనక ఒకటి కూర్చుని ఉన్నాయి, నేను ఊపిరి బిగబట్టాను, అని మొదలెడతాడు. ఊపిరి బిగబట్టడం కాదు, వదలాలి. అదైనా సరిగ్గా చెప్పడు. మొదట్లో ఆ కథ చెబుతూ ఆమె వైపు చూసి కన్ను గీటేవాడు, అసలు సంగతి మనిద్దరికీ తెలుసులే అన్నట్టు, ఆ కన్నుగీటు కోసం ఆమె నవ్వేది, అందులో ఒక ముద్దు ఉండేది, జనం మధ్యలో ఇద్దరికే తెలిసిన గుట్టు ఉండేది. ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు. ఒక శనివారం కథ అయిపోయింది, అందరూ నవ్వారు, అతను గ్లాసు ఎత్తాడు, ఆమె కన్నుగీటు కోసం ఎదురు చూస్తూ కూర్చుని ఉంది, రాలేదు. అతనికి నిజంగానే గుర్తు లేదు. ఆ గుండు తానే కాల్చానని నమ్మేశాడు. దొంగతనం చేసినవాడికైనా సొత్తు ఎవరిదో తెలుస్తుంది. ఇతనికి అదీ లేదు.

గొట్టాన్ని వైసులో మళ్ళీ బిగించబోతూ అటూ ఇటూ తిప్పి చూసింది, అప్పుడు కనిపించాయి గాట్లు. పట్టకారు పళ్ళు దిగిన గాట్లు, కొత్తవి, నల్ల రంగు లేచిపోయి లోపలి తెల్ల లోహం మెరుస్తోంది. నిన్న తనే విప్పబోయానని, రాలేదని, నీ చేతికైతే వస్తుందని నెవిల్ ఆమెకు ఇచ్చాడు. పోయిన వారం షెడ్డు వెనక డబ్బాను పెట్టి గురి చూసుకున్నాడు, ఒక్కటీ తగల్లేదు, సైలెన్సర్‌లో మసి పట్టి గుండు పక్కకు పోతోందన్నాడు. పట్టకారుతో పట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి, అనుకుంటూ గాట్లను వేలితో తడిమింది, తడుముతూ ఆగింది. గాట్లు మూత మీద లేవు. రెండో కొస మీద ఉన్నాయి. తుపాకీకి తగిలించే కొస, అది గొట్టంతో కలిపి ఒకే ముక్కగా చేసింది, ఎన్నటికీ విప్పేది కాదు. నెవిల్ ఈ గొట్టాన్ని వెయ్యిసార్లు చూశాడు. ఒక కొసన బొటనవేలు దూరేంత మరల రంధ్రం, రెండో కొసన చిటికెన వేలు కూడా పట్టని చిన్న కన్నం. చిన్నపిల్లకు ఇచ్చినా చెబుతుంది. వేలు పెట్టి చూస్తే చాలు, తెలుస్తుంది. కానీ వేలు పెట్టి చూడడమంటే కంటితో చూడలేనని ఒప్పుకోవడం. అతను చూశాననుకుని, ఊహించుకుని, తప్పు కొసను పట్టుకుని బలమంతా పెట్టి తిప్పాడు, రాకపోయేసరికి ఇంకా గట్టిగా తిప్పాడు.

ఆమె బల్ల పక్కనున్న పీట మీద కూర్చుంది. అమ్మకు చివరి రోజుల్లో ఇలాగే అయింది. చూపుకు సరిగ్గా నడిమధ్య ఒక మసక, చుట్టూ అంతా బాగానే ఉంటుంది, దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది, అమ్మ తనతో మాట్లాడుతూ తన చెవి పక్కగా ఎటో చూసేది, అలా చూస్తేనే నీ మొహం కనిపిస్తుందే అనేది. చెవి పక్కగా. నెవిల్ చూసినట్టు. ఈ రెండేళ్ళుగా నెవిల్ ఆమెను సూటిగా చూడడం లేదు, మాట్లాడితే ఆమె భుజం మీదుగా కిటికీతో మాట్లాడినట్టు మాట్లాడతాడు, దానికి ఆమె ఎన్ని అర్థాలు చెప్పుకుంది, సిగ్గనుకుంది, విసుగనుకుంది, పబ్బులో పనికి కొత్తగా చేరిన ఒక నవ్వుల ఆడమనిషి కారణమనుకుంది, నలభై ఏళ్ళ అబద్ధం ఎదురుగా కూర్చుంటే మొహం ఎలా చెల్లుతుందిలే అనుకుంది. పేపరు చదవడం మానేసి పేపర్లో అంతా చెత్తే అనడం, కూరలో ఉప్పు మీద ఉప్పు వేసుకోవడం, గేటు స్తంభానికి బండి గీరుకుని ఎండ కళ్ళలో పడిందనడం, ఒక్కొక్కటీ వరసన వచ్చి కూర్చున్నాయి. అవన్నీ ఒకే మాట చెబుతున్నాయి, ఆమె అవి తనను ఉద్దేశించి అన్న మాటలనుకుంది. తుపాకీ ఎప్పుడూ అతను పట్టలేదు కాబట్టి కళ్ళు పోతున్నా ఎవరికీ తెలియలేదు, గురి తప్పుతుంటే కదా తెలిసేది, గురి ఆమెది కదా. జాలి రావాలి ఇప్పుడు. వచ్చింది కూడా, కాస్త. దాని వెనకే, రెండేళ్ళు పెంచుకున్న కోపం సగం తప్పు లెక్క మీద పెంచుకున్నదే అన్న కోపం వచ్చింది. ఆ సగాన్ని ఎవరు తీసుకుంటారు ఇప్పుడు. మిగతా సగం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ తరవాత ఉన్నట్టుండి గురువారాలు గుర్తొచ్చాయి. పక్క పొలం గ్లెనిస్ మనవలిద్దరూ గురువారం బడి బస్సు దిగితే వాళ్ళను ఇంటికి తెచ్చేది నెవిల్. నది ఒడ్డు దారిన, ఒకవైపు బండరాయి, ఒకవైపు నీళ్ళు. మొన్న గురువారం కూడా తెచ్చాడు.

లేచి పట్టీ చుట్టి లాగింది. ఈసారి ఆలోచించలేదు, కాళ్ళు ఎడంగా పెట్టి నడుము బలమంతా భుజాల్లోకి తెచ్చి లాగింది, గొట్టంలోంచి సన్నగా కిర్రుమని ఒక చప్పుడు, ఆ తరవాత మూత కదిలింది. అంతే. అంత సేపు మొండికేసిన మూత ఇప్పుడు వేళ్ళతో తిప్పితే తిరుగుతోంది, ఒక్కో చుట్టుకు నల్లటి పొడి రాలుతోంది. సంతోషమేమీ కలగలేదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని లోపల చప్పుడును ఆపే గిన్నెల్లాంటి ముక్కలను ఒక్కొక్కటే బయటికి తీసింది, సీసం పెచ్చులు కట్టి బరువెక్కి ఉన్నాయి, పుల్లతో గీసి, నూనెలో జాడించి, బ్రష్షుతో తోమి, పాత కాగితం మీద వరసగా పెట్టింది. మసి కాగితాన్ని మడిచి డబ్బాలో వేసి మూసింది, సీసం పొడి గాలికి ఎగిరితే ఒంటికి మంచిది కాదు. మరలకు పలచగా గ్రీజు రాసి అన్నీ తిరిగి పేర్చి మూత బిగించింది, చేతి బిగువు వరకే. గొట్టంలోంచి తలుపు వైపు చూస్తే కన్నంలో ఎండ గుండ్రంగా కనిపించింది. ఇక గుండు పక్కకు పోవడానికి మసిని తిట్టడానికి లేదు.

నెవిల్ గుమ్మంలో నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా, బూట్లు తళతళ. అయిందా పిల్లా అన్నాడు, ఆమె ఎడమ చెవి పక్కన గోడకు వేలాడుతున్న రంపంతో మాట్లాడినట్టు. అయిందంది. చెప్పానా నీ చేతికైతే వస్తుందని, అంటూ చెయ్యి చాచాడు. ఆమె సైలెన్సర్‌ను ఇవ్వలేదు, అతని ముఖానికి ఎదురుగా అడ్డంగా పట్టుకుంది.

"మూత ఏ వైపుంది, చెప్పు."

"ఏంటిది, పరీక్షా?"

"చెప్పు నెవిల్."

అతను తల పక్కకు వంచాడు. కోడి గింజను చూసినట్టు చూశాడు. "టైమైపోతోంది పిల్లా," అన్నాడు చివరికి. డెస్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్పమంది. చెప్పనన్నాడు. కళ్ళ సంగతి డాక్టరుకు చూపించావా అని అడిగింది. నా కళ్ళకేం, పక్కనుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి అన్నాడు, అనేసి, నాలుక కరుచుకున్నట్టు ఆగాడు.

"మరి గురువారం ఆ పిల్లల్ని ఎలా తెస్తున్నావు?"

"ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు."

గొప్పగానే అన్నాడు. ఆమె గోడ మేకుకు ఉన్న బండి తాళాలు తీసి జేబులో వేసుకుంది. అతను తాళాల గలగల విని బూటు ముక్కుతో నేలను రాశాడు, ఆ తరవాత గొంతు మార్చి, పెళ్ళైన కొత్తలో మాట్లాడిన గొంతుతో, పోనీ నువ్వే కొట్టు, నా భుజం పట్టేసిందని చెబుతా, నా బదులు మా ఆవిడ కొడుతుందంటా, నువ్వు కొడితే గురి తప్పదు కదా అన్నాడు. ఎన్నేళ్ళుగానో ఆ మాట అతని నోట వినాలనుకుంది, నువ్వు కొడితే గురి తప్పదు. వచ్చింది. ఇలా వచ్చింది, ఇద్దరే ఉన్న షెడ్డులో, అవసరం పడి.

"నీ బదులు కొట్టీ కొట్టీ చాలు నాకు," అంది.

అయితే నేనే కొడతా, పళ్ళెం ఎక్కడ వేలాడదీస్తారో నాకు తెలుసు, అని అతను వెనక్కి తిరిగి బండి వైపు నడిచాడు, అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి, ఆగి, చుట్టూ తిరిగి రెండో వైపుకు వెళ్ళాడు. ఆమె సైలెన్సర్‌ను, తుపాకీని సంచిలో పెట్టింది. దాని బోల్టు, వెనకనుంచి జొనిపే ఉక్కు ముక్క, అది లేకుంటే తుపాకీ చేతికర్రతో సమానం, ఎప్పటిలాగే విడిగా తీసి కోటు జేబులో వేసుకుంది, బండిలో తుపాకీ పోతున్నప్పుడు బోల్టు ఆమె జేబులోనే ఉంటుంది. డెస్‌కు తనే ఫోన్ చేయొచ్చు. వంటింట్లోకి స్కోన్ల కోసం వెళ్ళినప్పుడు ఫోను అక్కడే గోడ మీద ఉంది, చేతికందే దూరంలో. చేయలేదు. మర్యాద కాపాడాలనిపించి కాదు. అతను అక్కడ జనం ముందు నిలబడితే చూడాలనిపించింది, ఆ కోరిక ఎంత చేదుగా ఉందో నాలుక మీద తెలుస్తూనే ఉంది, అయినా ఉమ్మేయలేదు.

మైదానం నిండా బళ్ళూ, జనం, వేయించిన సాసేజ్ వాసన. బండి ఆమె నడుపుకుని రావడం చూసి ఇద్దరు ముగ్గురు, ఏంటి నెవిల్ రాజావారిలా దిగుతున్నావు అన్నారు, అతను చేతులూపాడు. గ్లెనిస్ ఎదురొచ్చి ఒక పళ్ళెం అందుకుంది, ఆమె కూడా రేవిన్ తొడుక్కున్నటువంటి నీలం కోటే తొడుక్కుంది, ఆ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు అదే కోటు. మనవలు అక్కడ మొహానికి రంగులేయించుకుంటున్నారంది. రేవిన్ గురువారాల మాట ఎత్తబోయింది, ఈలోగా డెస్ మైకులో నెవిల్ పేరు పిలిచాడు, నలభై ఏళ్ళు అన్నాడు, ఈ జిల్లా గొర్రెలు గడ్డి తింటున్నాయంటే ఈయన పుణ్యమే అన్నాడు. చప్పట్లు. నెవిల్ సంచిలోంచి తుపాకీ తీశాడు, సైలెన్సర్‌ను తడుముకుని తగిలించాడు, ఈసారి వేళ్ళతోనే, మైకు అందుకున్నాడు. "ఇదిగో, ఈ సైలెన్సర్ మా ఆవిడ కడిగింది. గురి తప్పితే తప్పెవరిదో ముందే చెబుతున్నా," అన్నాడు. మైదానమంతా నవ్వింది. అతను ఆ నవ్వు ఆగేదాకా ఆగి, ఎప్పుడూ అలాగే ఆగుతాడు, పక్కకు తిరిగి చెయ్యి చాచాడు.

"ఏం పిల్లా, బోల్టిటివ్వు."

చెయ్యి గ్లెనిస్ ముందు ఆగింది. గ్లెనిస్ అది కూడా హాస్యమే అనుకుని నవ్వింది. చెయ్యి దిగలేదు. రేవిన్ నాలుగడుగుల దూరంలో ఉంది, జేబులో వేళ్ళ మధ్య ఉక్కు చల్లగా తగులుతోంది. రెండడుగులు ముందుకేసి ఆ అరచేతిలో పెడితే ఎవరూ గమనించరు, ఇన్నేళ్ళూ పెట్టినట్టే. ఇక్కడున్నానని ఒక్క మాటంటే చాలు, అతను ఇటు తిరుగుతాడు. అనలేదు. నిలబడి చూసింది. నెవిల్ ముఖంలో చిరునవ్వు ఇంకా అలాగే ఉంది, కాస్త విసుగు కూడా, ఇవ్వవేంటే అన్నట్టు వేళ్ళు రెండుసార్లు ఆడించాడు. ముందు వరసలో నవ్వు సన్నబడింది, వెనక వరసలకు ఇంకా తెలియలేదు, అక్కడక్కడ ఇంకా నవ్వుతున్నారు.

"నెవిల్, నేను గ్లెనిస్‌ని," అంది గ్లెనిస్ మెల్లగా.

చెయ్యి వెంటనే దిగలేదు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంది. గ్లెనిస్ అతన్ని చూసింది, అతని చూపు ఎక్కడ ఆగిందో చూసింది, ఆ తరవాత చేతిలో పళ్ళెంతో మెల్లగా రేవిన్ వైపు తిరిగింది. ఎప్పట్నించి అని అడిగింది. ఈ పొద్దుటే తెలిసింది గ్లెనిస్, ఈ పొద్దుటే, అంది రేవిన్. అది నిజం. చెబుతుండగానే ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది, కట్టుకున్నవాడి చూపు పోతుంటే ఒకే ఇంట్లో ఉండి తెలియకపోవడమేమిటి అని రేపు ఊరంతా అంటుంది, తనూ అదే అనేది ఇంకొకరిదైతే.  గ్లెనిస్ స్కోన్ల పళ్ళేన్ని గడ్డి మీద పెట్టేసి రంగులేయించుకుంటున్న పిల్లల వైపు గబగబా నడిచింది, నడక కాస్తా పరుగైంది.

డెస్ మైకు దించి జనంలోకి చూశాడు. ఎదురుగా ఉన్న రేవిన్ మీదుగా చూశాడు, వెనకెక్కడో ఎత్తుగా ఉన్న ఒక కుర్రాణ్ణి వేలితో పిలిచాడు, అప్పుడు ఆమె వైపు వంగి, రేవిన్, ఆ బోల్టు ఒకసారి ఇస్తావా, ఇతను కొట్టేస్తాడు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నెవిల్ దగ్గరికి వెళ్ళి తుపాకీ అతని చేతుల్లోంచి తీసుకుని సంచిలో పెట్టింది, అతని మోచెయ్యి పట్టుకుంది, పట్టుకుంటే అతను చిన్నపిల్లాడిలా వెంట వచ్చాడు, జనం దారిచ్చారు, ఎవరో టోపీ తీశారు, ఎందుకు తీశారో. వాళ్ళ వెనక ఇంకెవరిదో తుపాకీ పేలింది, రేకు పళ్ళెం టంగుమంది, చప్పట్లు వినిపించాయి. బండిలో కూర్చున్నాక అతను ఒళ్ళో చేతులు ఒకదానిలో ఒకటి పెట్టుకుని ఎదుటి అద్దంలోకి చూస్తున్నాడు, అక్కడ అతనికి ఏం కనిపిస్తోందో ఆమెకు తెలియదు.

"అందరూ చూశారా?" అని అడిగాడు.

"చూశారు," అంది రేవిన్, తాళం తిప్పి.